తెర ఆవల గురువు - తెర ఈవల మర్యాద

1975 ఆగస్టు 1న మన దేశంలో ఒక అపూర్వమైన ప్రయోగం ఆరంభమైంది. అమెరికాకు చెందిన ఏటీఎస్-6 ఉపగ్రహం సహాయంతో ఆరు రాష్ట్రాలలోని సుమారు 2,400 గ్రామాలకు టెలివిజన్ ద్వారా విద్యా కార్యక్రమాలు ప్రసారమయ్యాయి. ఆ ఆరింటిలో నాటి ఆంధ్రప్రదేశ్ కూడ ఒకటి. ఏడాదిపాటు సాగిన ఆ ప్రయోగం తరువాత, 1984 ఆగస్టు 15న యూజీసీ వారు దూరదర్శన్ ద్వారా కళాశాల విద్యార్థులకు పాఠాల ప్రసారం ప్రారంభించారు. ఆ ప్రసారాలలో పాఠం ఒకే దిశలో సాగేది. చూసేవారు ఆవులించినా, మధ్యలో లేచిపోయినా చెప్పేవారికి తెలిసే మార్గం లేదు.

2020 మార్చిలో కోవిడ్ మూలంగా పాఠశాలలు మూతపడినప్పుడు వీడియో తరగతి మన ఇళ్లలోకి ప్రవేశించింది. అనంతరం పాఠశాలలు తెరుచుకున్నప్పటికీ ట్యూషన్లు, పోటీ పరీక్షల శిక్షణ, ఉద్యోగుల శిక్షణ తరగతులు అనేకం ఈ మార్గంలోనే కొనసాగుతున్నాయి. ఇక్కడ తెరకు ఆవల ఉన్న గురువు మనలను చూడగలరు, వినగలరు. కనుక టెలివిజన్ ముందు కూర్చున్నట్లు కూర్చుంటే చాలదు. తరగతి గదిలో ఉన్నట్లే మెలగాలి.

గురువు కంటికి కనిపించేది

తరగతి గదిలో ఉపాధ్యాయుడు విద్యార్థి ముఖం చూసి పాఠం నడుపుతాడు. ఒకరి కనుబొమలు ముడిపడితే ఆగి, మరొక ఉదాహరణతో మళ్లీ చెబుతాడు. వీడియో తరగతిలో ఆయనకు తరచుగా కనిపించేవి పేర్లు రాసి ఉన్న నల్లని గళ్లు మాత్రమే. "అర్థమైందా?" అని అడిగితే సమాధానం రాదు. ఆ మౌనాన్ని అంగీకారంగా భావించి ఆయన ముందుకు సాగిపోతారు. అర్థం కాని విద్యార్థి వెనుకనే మిగిలిపోతాడు. అందువల్ల ఇక్కడ మర్యాద అంటే గురువు యెడల గౌరవం మాత్రమే కాదు, మన చదువుకు మనం చేసుకునే మేలు కూడ.

ముందస్తు సన్నాహం

తరగతికి పది నిమిషాల ముందే సిద్ధం కావడం ఉత్తమం. ఫోను చార్జింగు, నెట్ సిగ్నలు చూసుకోవాలి. పుస్తకం, కలం, మంచినీళ్లు చేతికందే చోట ఉంచుకోవాలి. కిటికీకి వీపు పెట్టి కూర్చుంటే ముఖం చీకటిగా కనిపిస్తుంది. వెలుతురు ఎదుటినుండి పడాలి. ఫోనును చేత పట్టుకోక, నాలుగు పుస్తకాల దొంతరపై కంటి ఎత్తున నిలబెట్టుకుంటే మెడకు శ్రమ ఉండదు.

నాన్నగారి ఫోనుతో చేరే పిల్లలు తెరపై తమ పేరు మార్చుకోవడం మరువరాదు. హాజరు పిలిచేటప్పుడు తండ్రి పేరే కనిపిస్తే, వచ్చిన పిల్లవాడు కూడ రానివాడుగా నమోదు కావచ్చు.

తరగతి జరుగుతున్నప్పుడు

మాట్లాడే అవసరం లేనప్పుడు మైకు ఆపి ఉంచాలి. మన ఇంటి కుక్కరు కూత తరగతి మొత్తానికి వినిపిస్తుంది. మన స్పీకరు నుండి వచ్చే గురువు కంఠం మన మైకులోకే తిరిగి ప్రవేశించి ప్రతిధ్వనిస్తుంది. ఇయర్‌ఫోన్లు వాడితే ఆ ఇబ్బంది ఉండదు. సందేహం కలిగితే చేయి ఎత్తిన గుర్తు నొక్కి, పిలిచిన తరువాత మాట్లాడాలి. మాట చేరడానికి క్షణకాలం ఆలస్యం కావచ్చును గనుక, ఎదుటివారి వాక్యం పూర్తయ్యాక ఒక్క క్షణం ఆగడం మంచిది.

కెమెరా విషయంలో ఔదార్యం అవసరం. వీలైనవారు ముఖం చూపడం గురువుకు ఉత్సాహమిస్తుంది. కాని ఒకే గదిలో కుటుంబమంతా ఉండేవారికి, సిగ్నలు బలహీనంగా ఉన్నవారికి అది సాధ్యం కాకపోవచ్చు. మాటకు పట్టే డేటా దృశ్యానికి పట్టే దానిలో స్వల్ప భాగమే. కనుక దృశ్యం నిలిచిపోతున్నప్పుడు కెమెరా ఆపితే పాఠమైనా స్పష్టంగా వినిపిస్తుంది. అటువంటివారు ఆ సంగతి ముందుగా గురువుకు విన్నవించాలి. తోటివారి వెనుక కనిపించే గోడను, మంచాన్ని చూసి పరిహసించడం మాత్రం క్షమార్హం కాదు. అనుమతి లేకుండా గురువు మాటలను, ముఖాన్ని రికార్డు చేసి నవ్వులాటకు పంపడం అంతకంటె పెద్ద తప్పు. ఒకసారి ఆ భయం కలిగితే ఏ గురువూ మనసు విప్పి పాఠం చెప్పలేరు.

ఇంటివారి పాత్ర

రాత్రి షిఫ్టు ముగించుకుని వచ్చిన తండ్రి పగలు నిద్రిస్తుంటాడు. అదే గదిలో బిడ్డకు తరగతి ఉంటుంది. ఇరువురి అవసరమూ న్యాయమైనదే. తరగతి వేళలు వంటగది గోడమీద రాసి అంటిస్తే, మిక్సీ ఎప్పుడు వేయాలో, టీవీ ఎప్పుడు ఆపాలో అందరికీ తెలుస్తుంది. తల్లిదండ్రులు పక్కనుండి సమాధానాలు అందించడం, కెమెరా ముందుకు వచ్చి ఉపాధ్యాయురాలితో మార్కుల గురించి వాదించడం తగదు. తప్పు చెప్పే అవకాశం కూడ బిడ్డ చదువులో భాగమే.

కంటి ఆరోగ్యాన్ని సైతం గమనించాలి. 2020 జూలైలో కేంద్ర మానవ వనరుల అభివృద్ధి శాఖ వెలువరించిన 'ప్రజ్ఞాత' మార్గదర్శకాలు, 1 నుండి 8 తరగతుల వారికి రోజుకు 30 నుండి 45 నిమిషాల తరగతులు రెండుకు, 9 నుండి 12 తరగతుల వారికి నాలుగుకు మించరాదని సూచించాయి. ప్రతి 20 నిమిషాలకు ఒకసారి 20 అడుగుల దూరంలోని వస్తువును 20 సెకన్లు చూడటం కంటికి విశ్రాంతి.

తరగతి ముగియగానే మీట నొక్కి మాయం కావడం సులభం. అంతకంటె ముందు మైకు తెరిచి, "నమస్కారం, వెళ్లొస్తాం" అని చెప్పడానికి రెండు క్షణాలు చాలు. గంటసేపు నల్లని గళ్లతో మాట్లాడిన గురువుకు, తన మాట విన్నవారు ఉన్నారన్న తృప్తి ఆ రెండు క్షణాలలో లభిస్తుంది. ఈ అలవాటు పిల్లలకు చెప్పి నేర్పేకంటె, మన శిక్షణ తరగతులలో మనమే పాటించి చూపితే వారికి త్వరగా అబ్బుతుంది.