పశుగ్రాస పైర్లకు మురుగు శుద్ధి మడ్డి: నత్రజని లెక్క ఒక్కటే చాలదు

హైదరాబాదు దిగువన మూసీ నది వెంబడి పారాగడ్డి మళ్ళు దశాబ్దాలుగా నగరపు మురుగునీటితోనే పెరుగుతున్నాయి. ఆ గడ్డిని కోసి నగరంలోని పాడి పశువులకు మేతగా అమ్మడం ఎన్నో కుటుంబాలకు జీవనాధారం. అదే నది ఒడ్డున అంబర్‌పేటలో రోజుకు 33.9 కోట్ల లీటర్ల సామర్థ్యం గల మురుగునీటి శుద్ధి కేంద్రం ఉన్నది. నీరు శుద్ధి అయినప్పుడు అందులోని మలినం మాయం కాదు. అధిక భాగం మడ్డి రూపంలో మిగులుతుంది. ఈ మడ్డిని పశుగ్రాసానికి ఎరువుగా వేయవచ్చునా అన్నది నేలతో ముగిసే ప్రశ్న కాదు. మేత ద్వారా అది పాల వరకు వెళ్తుంది.

గడ్డి పైర్లే ఎందుకు?

బహువార్షిక గడ్డి జాతులకు దట్టమైన పీచువేళ్ళు ఉంటాయి. ఇవి ఏడాది పొడవునా నేలను కప్పి ఉంచి, ప్రతి కోతకూ నత్రజనిని విరివిగా గ్రహిస్తాయి. అందుచేత మడ్డిలోని సేంద్రియ నత్రజని నెమ్మదిగా విడుదలైనా వృథా అయ్యేది తక్కువ. అమెరికాలోని మిల్వాకీ నగరం 1926 నుండి వేడితో ఆరబెట్టిన మడ్డిని ‘మిలోర్గనైట్’ పేరుతో పచ్చిక బయళ్ళకు, గోల్ఫ్ మైదానాలకు అమ్ముతున్నది. అయితే ఆ గడ్డి పశువుల మేతకు పోదు. హైబ్రిడ్ నేపియర్, గినీగడ్డి, పారాగడ్డి విషయంలో ఈ తేడాను మరువరాదు.

పోషకాల లెక్క

గాలి చొరబడని గదులలో కుళ్ళబెట్టి, ఎండబెట్టిన మడ్డిలో 3 శాతం సేంద్రియ నత్రజని, 1.5 శాతం భాస్వరం ఉన్నాయనుకుందాం. పొడి టన్నుకు 30 కిలోల నత్రజని ఉన్నా, మొదటి సంవత్సరం ఖనిజీకరణ చెంది పైరుకు అందేది సుమారు 20 శాతమే, అంటే 6 కిలోలు. హెక్టారుకు 100 కిలోల నత్రజనిని మడ్డి ద్వారానే ఇవ్వదలచితే దాదాపు 17 టన్నులు కావాలి. దానితోపాటు 250 కిలోలకు పైగా భాస్వరం నేలకు చేరుతుంది. హెక్టారుకు 20 టన్నుల ఎండు మేత ఇచ్చే పైరు తీసుకొనే భాస్వరం 40–60 కిలోలకు మించదు. మిగిలినది నేలలో పేరుకొని, వర్షపు నీటితో చెరువులకు చేరే ప్రమాదమున్నది.

కనుక మోతాదును భాస్వరం ఆధారంగా నిర్ణయించాలి. పై ఉదాహరణలో 3–4 టన్నులు వేస్తే ఆ అవసరం తీరుతుంది. లోటుపడిన నత్రజనిని యూరియాతో ప్రతి కోత అనంతరం భర్తీ చేయాలి. మడ్డిలో పొటాష్ స్వల్పం, కోతల ద్వారా అది భారీగా తరలిపోతుంది. అందుచేత మ్యూరేట్ ఆఫ్ పొటాష్ తప్పనిసరి.

లోహాలు, సూక్ష్మజీవులు

నగర కంపోస్టుకు మన ఎరువుల నియంత్రణ ఉత్తర్వు కిలోకు 5 మి.గ్రా. కాడ్మియం, 100 మి.గ్రా. సీసం గరిష్ఠ పరిమితిగా విధించింది. అమెరికా 1993 నిబంధనలలో మడ్డికి కాడ్మియం గరిష్ఠ పరిమితి కిలోకు 85 మి.గ్రా. పరిశ్రమల వ్యర్థజలాలు కలిసే నగరాలలో కఠినమైన పరిమితినే ప్రమాణంగా తీసుకోవడం వివేకం.

ఆమ్ల నేలలో సున్నం వేసి ఉదజని సూచికను 6.5కు పెంచితే గడ్డి గ్రహించే కాడ్మియం తగ్గుతుంది. కానీ అదే చర్య మాలిబ్డినం లభ్యతను పెంచుతుంది. మేతలో మాలిబ్డినం హెచ్చయితే నెమరువేసే పశువులలో రాగి లోపం తలెత్తుతుంది. అందువల్ల మేతలో రాగి, మాలిబ్డినం రెండింటినీ పరీక్షించాలి.

లోహాలు వేరు ద్వారానే పశువును చేరవు. ఆకులకు అంటిన మడ్డిని, మేసేటప్పుడు నోటికి వచ్చే మట్టిని పశువు నేరుగా మింగుతుంది. ఏలికపాముల గుడ్లు నేలలో నెలల తరబడి సజీవంగా ఉండగలవు. ఐరోపా 1986 ఆదేశం మడ్డి వేసిన పచ్చికలో కనీసం 3 వారాలు, అమెరికా నిబంధనలు రోగకారక క్రిములు పూర్తిగా నశించని మడ్డి వేసినచోట 30 రోజులు పశువులను మేపరాదని చెబుతున్నాయి.

క్షేత్రస్థాయిలో పాటించవలసినవి

• ప్రతి విడత మడ్డికి పోషకాల, లోహాల విశ్లేషణ పత్రం లేనిదే పొలానికి చేర్చరాదు.
• పచ్చి మడ్డిని వాడరాదు. గడ్డి వ్యర్థాలతో కలిపి, కుప్ప లోపలి వేడి 55 డిగ్రీల సెల్సియస్ దాటేలా కంపోస్టు చేయాలి.
• నాటడానికి ముందే వేసి దుక్కిలో కలపాలి. నిలిచివున్న గడ్డిపై చల్లరాదు.
• బావులకు, కాలువలకు దూరంగా వేయాలి; పనివారికి చేతితొడుగులు, బూట్లు ఇవ్వాలి.
• వేసిన ప్రతి క్షేత్రానికి మోతాదు, తేదీ నమోదు చేయాలి.

చివరి అంశానికి ప్రాధాన్యం ఎక్కువ. అమెరికాలోని మెయిన్ రాష్ట్రంలో పూర్వం మడ్డి వేసిన కొన్ని పొలాల నేలలో, పాలలో ‘పీఫాస్’ అనే ఫ్లోరిన్ రసాయనాలు బయటపడ్డాయి. దీంతో 2022లో ఆ రాష్ట్రం మడ్డిని భూమికి వేయడాన్నే నిషేధించింది. మడ్డి వేసిన కాలంలో ఆ రసాయనాల కోసం పరీక్షలు జరిపే అలవాటు లేదు. పాల అమ్మకం నిలిచిపోయిన నష్టం మాత్రం రైతులపై పడింది.

మడ్డిని వదిలించుకోవడం నగరానికి అవసరం. మేత పండించడం రైతుకు అవసరం. ఈ రెండూ కలిసేచోట విశ్లేషణ ఖర్చును, బాధ్యతను మడ్డిని ఉత్పత్తి చేసే సంస్థే వహించాలి. ఉచితంగా వస్తున్నదన్న కారణంతో రైతు దానిని పొలంలో దింపుకోకముందే, విశ్లేషణ పత్రాన్ని చదివి మోతాదు లెక్కకట్టి చెప్పడం విస్తరణ శాస్త్రవేత్తల కర్తవ్యం.