మార్కులు పెరిగాయి సరే... మనసు కుదుటపడిందా?

నర్సింగ్‌లో ప్రాజెక్టు అనగానే చాలామంది పట్టుకునే దారి ఒకటుంది. దగ్గర్లోని హైస్కూల్‌కి వెళ్లి ఓ ప్రశ్నపత్రం ఇస్తారు. మానసిక ఆరోగ్యంపై క్లాసు చెబుతారు. వారం తర్వాత అదే ప్రశ్నపత్రం మళ్లీ ఇస్తారు. మార్కులు పెరుగుతాయి. ‘బోధన ఫలితమిచ్చింది’ అని రాసి బైండింగ్ చేయించేస్తారు. మంచి పనే, కాదనం. కానీ ఆ క్లాసులో రాత్రిళ్లు నిద్రపట్టని పిల్లాడికి ఇప్పుడైనా నిద్ర పడుతోందా? అసలు పరిశోధన మొదలయ్యేది ఈ ప్రశ్న దగ్గరే.

సమస్య చిన్నదేం కాదు

10-19 ఏళ్ల వారిలో ప్రతి ఏడుగురిలో ఒకరికి ఏదో ఒక మానసిక సమస్య ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. నిమ్హాన్స్ ఆధ్వర్యంలో 2015-16లో జరిగిన జాతీయ సర్వేలో 13-17 ఏళ్ల వారిలో ఇది 7.3 శాతంగా తేలింది. ఆ సర్వేకు ఎంచుకున్న 12 రాష్ట్రాల్లో మన తెలుగు రాష్ట్రాలు లేవు. ఇంటర్ హాస్టళ్లు ఇన్ని ఉన్న మనకు సొంత లెక్కలు కావాలి కదా!

తెలియడం వేరు, బాగుండటం వేరు

యాప్‌లో బటన్ రంగు మార్చాక క్లిక్‌లు పెరిగితే వెంటనే ‘రంగు వల్లే’ అనేయం. అదే సమయంలో పాత రంగు చూసినవాళ్లతో పోల్చి చూస్తాం. ఇక్కడా అంతే. క్లాసు విననివాళ్ల బృందం ఒకటి పక్కన ఉండాలి. లేదంటే పరీక్షలు అయిపోయి పిల్లలు తేలికపడినా ఆ గొప్ప మన క్లాసుదే అనుకుంటాం. డిప్రెషన్ అంటే ఏంటో చెప్పగలగడం జ్ఞానం. గత రెండు వారాలు ఎలా గడిచాయన్నది స్థితి. దీన్ని కొలవడానికి ‘డబ్ల్యూహెచ్‌వో-5’ లాంటి ఐదు ప్రశ్నల కొలమానాలు ఉన్నాయి.

ఎవరు చెబుతున్నారు?

బిహార్‌లోని నలందా జిల్లాలో 74 హైస్కూళ్లలో జరిగిన ‘సెహర్’ అధ్యయనం ఫలితాలు 2018లో లాన్సెట్‌లో వచ్చాయి. శిక్షణ పొందిన కౌన్సెలర్లు నడిపిన స్కూళ్లలో వాతావరణం మెరుగుపడింది. డిప్రెషన్ లక్షణాలు, వేధింపులు తగ్గాయి. అదే కార్యక్రమాన్ని టీచర్లు నడిపినచోట చెప్పుకోదగ్గ తేడా రాలేదు. బ్రిటన్‌లో 85 స్కూళ్లలో, 8 వేలకు పైగా పిల్లలతో జరిగిన అధ్యయనంలో కొన్ని స్కూళ్లలో టీచర్లతో మైండ్‌ఫుల్‌నెస్ నేర్పించి చూశారు. మామూలు పాఠాలకన్నా అది మెరుగేమీ కాదని 2022లో తేలింది. అంటే పాఠం ఒక్కటే సరిపోదు. మరి మన స్కూల్లో నర్సు చెబితే? మీ థీసిస్‌కి ఇంతకన్నా మంచి ప్రశ్న ఏముంటుంది!

ముందే సిద్ధంగా ఉండండి

ఎథిక్స్ కమిటీ అనుమతి, తల్లిదండ్రుల అంగీకారం, విద్యార్థి ఇష్టం... మూడూ తప్పనిసరిగా తీసుకోండి. ఎవరైనా ‘బతకాలని లేదు’ అని రాస్తే అదే రోజు ఎవరికి చెప్పాలి, ఎక్కడికి పంపాలి అన్నది ప్రశ్నపత్రం పంచకముందే తేల్చుకోండి. కాగితాలు నెల తర్వాత చూద్దాంలే అంటే కుదరదు. 24 గంటలూ పనిచేసే టెలిమానస్ నంబరు 14416ను బోర్డు మీద రాయండి.

దారులివీ

బీఎస్సీ తర్వాత రెండేళ్ల ఎమ్మెస్సీలో సైకియాట్రిక్ నర్సింగ్‌ను ఎంచుకోవచ్చు. బెంగళూరులోని నిమ్హాన్స్‌లోనూ ఈ కోర్సు ఉంది. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం-2017 ‘మెంటల్ హెల్త్ నర్సు’ను ప్రత్యేకంగా నిర్వచించింది. పరిశోధన వైపు వెళ్లాలంటే పీహెచ్‌డీ ఉంది. గణాంకాలు అంటే భయపడొద్దు. ఎక్సెల్‌తో మొదలుపెట్టి ‘ఆర్’ నేర్చుకోండి, అది ఉచితమే.

ఇంటర్వ్యూలో మీ ప్రాజెక్టు గురించి అడిగితే ‘మార్కులు పెరిగాయి’ దగ్గరే ఆగొద్దు. ఆ పిల్లలకు ఏం మారిందో, ఏం మారలేదో కూడా చెప్పండి. మారలేదని నిజాయతీగా చెప్పడమూ పరిశోధనే.