పరుగులో పరిణతి

పశువు వయస్సును, శక్తిని సరిగా అంచనా వేయడం రైతు నేర్చిన విద్యలలో ఒకటి. చిత్తూరు జిల్లా ఐరాల వంటి ప్రాంతాలలో రైతు కోడెను కాడికి కట్టే ముందు దాని పళ్ళు చూస్తాడు. పనికి అలవాటుపడిన ఎద్దుకు జతగా కట్టి, మొదట తేలిక పనులే చేయిస్తాడు. లేత వయస్సులో మితిమీరిన భారం మోపితే కోడె చెడిపోతుందని అతనికి తెలుసు. పందెపు గుర్రాల శిక్షణకు కూడా ఈ సూత్రమే పునాది.

తెలుగునాట గుర్రప్పందాలకు ప్రసిద్ధి చెందినది హైదరాబాదులోని మలక్‌పేట. ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ కాలంలో, 1886లో, పందాలు మౌలాలి నుండి ఇక్కడికి మారాయి. అడ్డంకులు లేని చదునైన బాటపై సాగే ఇటువంటి పందాలలో లేత గుర్రాలు కూడా పాల్గొంటాయి. రెండు, మూడేళ్ళ వయస్సులో వాటి ఎముకలు ఇంకా గట్టిపడుతూనే ఉంటాయి. క్రమమైన పరుగు ఎముకకు బలమిస్తుంది; అతిశ్రమ దానిని చిట్లజేస్తుంది. అందువలన శిక్షకుడు దూరాన్ని, వేగాన్ని కొద్దికొద్దిగా పెంచుతాడు.

గుర్రం వరుసగా సాధించిన ఫలితాల తీరును 'ఫామ్' అంటారు. విజయాలతో పాటు గుర్రం రేటింగు పెరుగుతుంది. హ్యాండికాప్ పందాలలో రేటింగు ఎక్కువగా ఉన్న గుర్రం ఎక్కువ బరువు మోయాలి. జాకీ బరువు చాలకపోతే సీసపు పలకలు చేరుస్తారు. కాబట్టి తక్కువ బరువుతో పొందిన మొదటి స్థానం కంటే, అధిక బరువుతో పొందిన మూడవ స్థానమే ఒక్కొక్కసారి గొప్ప పురోగతి.

ఇందుకు స్థానాల సంఖ్య ఒక్కటే కొలమానం కాదనడానికి అమెరికా గుర్రం 'సెక్రటేరియట్' చక్కని నిదర్శనం. 1970లో పుట్టిన ఈ గుర్రం 1972 జూలై 4న తన తొలి పందెంలో, ఆరంభంలోనే మరొక గుర్రం ఢీకొనడంతో, నాల్గవ స్థానంలో నిలిచింది. అయినా ఆ సంవత్సరాంతానికి దేశంలో మేటి గుర్రంగా గౌరవం పొందింది. 1973 ఏప్రిల్‌లో ఒక పందెంలో మూడవ స్థానానికి పడిపోయినప్పుడు దాని శక్తిని పలువురు శంకించారు. అయితే దాని నోటిలో చీముగడ్డ ఉంది. రెండు వారాల తరువాత జరిగిన కెంటకీ డెర్బీలో ప్రతి పావుమైలునూ అంతకు ముందు పావుమైలు కంటే తక్కువ సమయంలో పరుగెత్తి గెలిచింది. జూన్ 9న బెల్‌మాంట్ పందెంలో మైలున్నర దూరాన్ని 2 నిమిషాల 24 సెకన్లలో ముగించి, రెండవ గుర్రాన్ని 31 గుర్రాల నిడివి వెనుక వదిలింది. ఆ రికార్డు నేటికీ చెక్కుచెదరలేదు.

నాల్గవ స్థానం, మూడవ స్థానం చూసి దానిని పక్కన పెట్టి ఉంటే ఈ విజయాలు ఉండేవి కావు. ఎదుగుతున్న ప్రాణి శక్తిని ఒక్క రోజు ఫలితంతో నిర్ణయించరాదు. ఓటమికి కారణమేమిటో తెలుసుకొని, తగిన వ్యవధి ఇవ్వడమే నిజమైన శిక్షణ.