'కేలీ' నీడలో మరుగున పడ్డ ఆల్బమ్‌లు

1985 వేసవిలో బ్రిటన్ సింగిల్స్ పట్టికలో 'కేలీ' అనే పాట రెండో స్థానానికి చేరింది. ఆ పాట ఉన్న మరిలియన్ బ్యాండ్ ఆల్బమ్ 'మిస్‌ప్లేస్డ్ చైల్డ్‌హుడ్' ఏకంగా మొదటి స్థానంలో నిలిచింది. దూరమైన ప్రియురాలికి ఒకతను చెప్పుకునే క్షమాపణ ఆ పాట. అది 40 నిమిషాలకు పైగా సాగే ఒకే కథలో చిన్న ముక్క అన్న సంగతి రేడియోలో విన్నవాళ్లకు తెలియకపోవచ్చు. నియో ప్రోగ్రెసివ్ రాక్ గురించి బయటి ప్రపంచానికి తెలిసింది కూడా దాదాపు ఆ ముక్కే. దాని చుట్టూ ఉన్న సంగీతంలో చాలా భాగం మరుగున పడిపోయింది. బాగోలేక మాత్రం కాదు.

ముందు ఈ పేరు సంగతి. 1970ల మొదట్లో జెనెసిస్, యెస్, కింగ్ క్రిమ్సన్ లాంటి బ్రిటిష్ బ్యాండ్లు రాక్ సంగీతాన్ని మూడు నిమిషాల పాట నుంచి బయటకు తెచ్చాయి. ఇరవై నిమిషాల రచనలు, మారుతూ పోయే లయలు, కీబోర్డుల హోరు, పురాణాల నుంచి తీసుకున్న కథలు వాటి గుర్తులు. వాటినే ప్రోగ్రెసివ్ రాక్ అన్నారు. 1976-77లో పంక్ వచ్చి ఇదంతా డాబు అని తేల్చేసింది. పత్రికలూ అదే మాట అందుకున్నాయి. ఆ తర్వాత, అంటే ఈ సంగీతం పూర్తిగా ఫ్యాషన్ తప్పిపోయిన కాలంలో, మళ్లీ దాన్నే పట్టుకున్న కుర్రాళ్ల బ్యాండ్లు మరిలియన్, ఐక్యూ, పెండ్రాగన్, ట్వెల్త్ నైట్, పల్లాస్. లండన్‌లోని మార్క్వీ క్లబ్ వీళ్లకు ముఖ్యమైన వేదిక.

మన శ్రోతలకు ఈ సంగీతం అంత కొత్తగా ఏమీ ఉండదు. రాగం తానం పల్లవి ఓపికగా వినేవారికి ఇరవై నిమిషాల పాట పెద్ద లెక్క కాదు. పాశ్చాత్య పాప్ చెవికి వింతగా తోచే ఏడు దెబ్బల లయ మనకు మిశ్ర చాపుగా తెలిసిందే.

వీళ్ల మీద మొదటి నుంచీ ఉన్న ఆరోపణ, జెనెసిస్‌ను కాపీ కొట్టారని. అందులో నిజం లేకపోలేదు. మరిలియన్ గాయకుడు ఫిష్ ముఖానికి రంగులు పూసుకుని వేదికెక్కితే అందరికీ పీటర్ గాబ్రియెల్ గుర్తొచ్చాడు. 1982లో వచ్చిన వాళ్ల 17 నిమిషాల 'గ్రెండెల్' వింటుంటే జెనెసిస్ 'సపర్స్ రెడీ' పదేపదే మనసులో మెదులుతుంది. కానీ అక్కడే ఆగిపోతే అసలు తేడా కనిపించదు. పాతవాళ్లు ఊహాలోకాల్లోకి వెళ్తే, వీళ్లలో మంచివాళ్లు తమ కాలపు బ్రిటన్ గురించి పాడారు: నిరుద్యోగం, అణుయుద్ధ భయం, తాగుడు, ఒంటరితనం.

దీనికి గట్టి ఉదాహరణ ట్వెల్త్ నైట్ 1982లో విడుదల చేసిన 'ఫ్యాక్ట్ అండ్ ఫిక్షన్'. నా దృష్టిలో ఈ ధోరణి మొత్తంలో అన్యాయంగా మరుగున పడ్డ ఆల్బమ్ ఇదే. రెడింగ్ విశ్వవిద్యాలయంలో మొదలైన ఈ బ్యాండ్ అంతకుముందు గాయకుడు లేకుండా వాద్య సంగీతంతో నెగ్గుకొచ్చింది. 1981 నాటి 'లైవ్ ఎట్ ది టార్గెట్' ఆ దశకు సాక్ష్యం. తర్వాత జెఫ్ మాన్ పాడటం మొదలుపెట్టాడు. అతను చిత్రకారుడు కూడా. అతని గొంతు అందంగా ఉండదు. గుసగుసలాడుతుంది, వెక్కిరిస్తుంది, ఉన్నట్టుండి కేక పెడుతుంది. మనుషుల్ని ఒకే అచ్చులో పోసి అదే ఆరోగ్యమని చెప్పే వ్యవస్థ మీద 'వుయ్ ఆర్ సేన్' విరుచుకుపడుతుంది. 'క్రీప్‌షో' మనల్ని ఒక వింతల ప్రదర్శనశాలలోకి తీసుకెళ్లి, చివరికి అక్కడ ఉన్నది ఎవరో మనమే తేల్చుకునేలా చేస్తుంది. రికార్డింగులో ఖర్చు పెట్టిన ఆనవాళ్లు లేవు, శబ్దం పలచగా ఉంటుంది. అయినా అంత చీకటి తర్వాత చివర్లో వచ్చే 'లవ్ సాంగ్' అనే మామూలు పాట ఎందుకంత బరువుగా తాకుతుందో వింటేనే తెలుస్తుంది.

ఆ ఆల్బమ్‌కు పెద్ద కంపెనీ అండ లేదు. మాన్ 1983లోనే బ్యాండ్ వదిలేశాడు. ఆ నవంబరులో మార్క్వీలో జరిగిన వీడ్కోలు కచేరీలే 'లైవ్ అండ్ లెట్ లివ్'గా వచ్చాయి. తర్వాత అతను ఆంగ్లికన్ చర్చిలో మతగురువయ్యాడు. 1993లో క్యాన్సర్‌తో చనిపోయాడు.

పెద్ద కంపెనీ దొరికినా గట్టెక్కినట్టు కాదని చెప్పడానికి స్కాట్లండ్ బ్యాండ్ పల్లాస్ కథ చాలు. 1984లో ఈఎంఐ వాళ్ల 'ది సెంటినెల్'ను విడుదల చేసింది. యెస్ బ్యాండ్‌తో పనిచేసిన ఎడ్డీ ఆఫర్డ్ నిర్మాత. అట్లాంటిస్ కథను అడ్డం పెట్టుకుని ప్రచ్ఛన్న యుద్ధం గురించి చెప్పాలని బ్యాండ్ ఆలోచన. రికార్డుగా వచ్చేసరికి ఆ కథ ముక్కలైపోయింది. రేడియోకు పనికొచ్చే పాటలు మధ్యలో చేరాయి, కథలోని కొన్ని భాగాలు సింగిల్స్ రెండో వైపుకు వెళ్లిపోయాయి. కథ లేని కథా ఆల్బమ్‌ను విన్న విమర్శకులు గందరగోళంగా ఉందంటే తప్పేముంది? తర్వాతి సీడీల్లో ఆ భాగాలను చేర్చారు. వినాలనుకుంటే అలాంటిదే వెతుక్కోవాలి.

ఐక్యూది ఇంకో దారి. 1985లో మరణం చుట్టూ అల్లిన 'ది వేక్' తర్వాత గాయకుడు పీటర్ నికల్స్ వెళ్లిపోయాడు. ఆ పైన వచ్చిన రెండు ఆల్బమ్‌లలో బ్యాండ్ పాప్ వైపు మొగ్గింది. ఆశించిన విజయం మాత్రం దక్కలేదు. నికల్స్ తిరిగొచ్చాక 1993లో సొంత లేబుల్ మీద 'ఎవర్' చేశారు. చుట్టూ గ్రంజ్, తర్వాత బ్రిట్‌పాప్ హోరులో దాన్ని పట్టించుకున్న పెద్ద పత్రికలు తక్కువే. ఆ రికార్డు నిండా పోగొట్టుకోవడమే ఉంది, కానీ ఎక్కడా ఏడుపుగొట్టుగా ఉండదు. మైక్ హోమ్స్ గిటార్ తొందరపడకుండా ఒక్కో స్వరం మీద నిలబడుతుంది. మార్టిన్ ఆర్ఫర్డ్ కీబోర్డులు దాని వెనక నెమ్మదిగా పైకి లేస్తాయి. మూడుసార్లు వింటే గానీ లోపలికి రానివ్వదు, అది ముందే చెప్పాలి.

మరిలియన్‌కు కూడా అభిమానులు మాత్రమే దాచుకున్న ఆల్బమ్ ఒకటుంది. 1988లో ఫిష్ వెళ్లిపోయాక స్టీవ్ హోగార్త్ వచ్చాడు. 1994 నాటి 'బ్రేవ్' అతను విన్న ఒక వార్తతో మొదలైంది: సెవర్న్ వంతెన మీద ఒంటరిగా దొరికిన అమ్మాయి ఎవరో తెలియక పోలీసులు జనం సాయం కోరారు. ఆమె అక్కడికి ఎలా చేరి ఉంటుందో ఊహిస్తూ డెబ్బై నిమిషాల ఆల్బమ్ అల్లారు. 'కేలీ' లాంటి హిట్ అందులో లేదు. తర్వాతి ఏడాది మరో ఆల్బమ్ చేశాక ఈఎంఐతో బంధం తెగింది.

అసలు ముచ్చట తర్వాత జరిగింది. 1997లో అమెరికా పర్యటనకు డబ్బు లేదని బ్యాండ్ చెబితే, అక్కడి అభిమానులే ఇంటర్నెట్ ద్వారా సుమారు 60,000 డాలర్లు పోగుచేశారు. దాంతో ధైర్యం వచ్చి 2001లో విడుదలైన 'అనోరాక్‌నోఫోబియా'ను ఇంకా రికార్డు చేయకముందే అమ్మకానికి పెట్టారు. 12,000 మందికి పైగా ముందే డబ్బు కట్టారు. కిక్‌స్టార్టర్ వెబ్‌సైటు పుట్టడానికి అప్పటికింకా చాలా ఏళ్లు ఉంది.

కొత్తగా వినేవారికి ఒక వరుస చెప్పమంటే, 'మిస్‌ప్లేస్డ్ చైల్డ్‌హుడ్'తో మొదలుపెట్టి 'ఎవర్'కు వెళ్లండి. పెండ్రాగన్ 1996 ఆల్బమ్ 'ది మాస్కరేడ్ ఓవర్చర్' మధ్యలో కాస్త ఊపిరి తీసుకోనిస్తుంది. ఆ బ్యాండ్‌కు తీపి ఎక్కువే, అయినా నిక్ బారెట్ గిటార్ కోసం క్షమించేయొచ్చు. 'బ్రేవ్'ను రాత్రిపూట ఒకే విడతలో వినాలి. 'ఫ్యాక్ట్ అండ్ ఫిక్షన్'ను చివరికి ఉంచుకుని, దాని వెంటనే 'లైవ్ అండ్ లెట్ లివ్' పెట్టండి. స్టూడియోలో పలచగా వినిపించిన అవే పాటలు మార్క్వీ వేదిక మీద ఎంత చిక్కగా ఉన్నాయో అప్పుడు వినిపిస్తుంది.