రెండు సులట్, రెండు ఉలట్, ఫిబ్రవరి రెండు

స్వెట్టర్ అంచు బిగువుగా రావాలంటే రెండు సులట్, రెండు ఉలట్ చొప్పున అల్లుకుంటూ పోవాలి. నా పాత నోటుబుక్కులో దీన్ని ‘2-2’ అని రాసుకున్నాను. మొన్న సంక్రాంతి సెలవుల్లో ఆ నోటుబుక్కును కొత్త కంప్యూటర్లోకి ఎక్కిద్దామని కూచున్నాను. ఎక్సెల్ తెరిచి, ఒక గడిలో 2-2 కొట్టి ఎంటర్ నొక్కితే ఫిబ్రవరి 2 అని పడింది. చెరిపి మళ్లీ కొట్టాను. మళ్లీ ఫిబ్రవరే. ‘3-1’ కొట్టి చూస్తే జనవరి 3. విసుగొచ్చి అన్నీ చెరిపేసి, అదే గడిలో ఉత్త 5 కొట్టాను. జనవరి 5 అయింది!

“ఏందే ఇది? నేను అల్లిక రాస్తుంటే ఇది క్యాలెండర్ రాస్తుంది” అన్నాను.

“బాపమ్మా, నువ్వు తారీకు రాస్తున్నవనుకుంటుంది అది” అంది మా మనుమరాలు, ఫోన్లోంచి తల ఎత్తకుండా.

నేను జిల్లా పరిషత్ హైస్కూళ్లలో ముప్పై ఏళ్లు లెక్కలు చెప్పి రిటైరైనదాన్ని. రెండులోంచి రెండు తీస్తే సున్నా అని వేలమంది పిల్లలకు చెప్పాను. ఫిబ్రవరి వస్తుందని ఒక్కరూ రాయలేదు.

ఇల్లు కరీంనగర్ మంకమ్మతోటలో. పుట్టి పెరిగింది మాత్రం కాగజ్‌నగర్‌లో. మా బాపు అక్కడి సిర్పూర్ పేపర్ మిల్లులో పనిచేసేవాడు. నిజాం కాలంలో మొదలైన మిల్లు అది. 2014లో మూతపడి, 2018లో మళ్లీ తెరుచుకుంది. మా చిన్నప్పుడు మిల్లు చుట్టూ తెలుగు, మరాఠీ, ఉర్దూ, హిందీ అన్నీ వినబడేవి. చలి సంగతి చెప్పనక్కర్లేదు. ఇప్పటికీ శీతకాలం రాగానే గిన్నెదరి, సిర్పూర్(యు), అర్లి(టి) పేర్లు పేపర్లలో ఎక్కుతాయి కదా, ఆ అడవి చలే మాదీ. పక్కింటి మరాఠీ కాకు మధ్యాహ్నం పూట అరుగు మీద ఎండకు కూచుని స్వెట్టర్లు అల్లేది. ఊలు చాందా నుంచో నాగపూర్ నుంచో తెప్పించేది. నా చేతికి సూదులిచ్చింది ఆమే. అందుకే నాకు అల్లిక మాటలన్నీ మరాఠీలోనే వచ్చు. ఒక కుట్టు టాకా. ముందువైపు నున్నగా పడేది సులట్, గింజలా ఉబ్బేది ఉలట్. ప్రపంచంలో ఎంత గొప్ప స్వెట్టరైనా ఈ రెండింటితోనే మొదలవుతుంది. పైగా ఈ రెండూ వేరు కావు. సులట్ టాకాను వెనక్కి తిప్పి చూస్తే అదే ఉలట్.

బాపు మిల్లు నుంచి తెచ్చిన కాగితాలను దారంతో కుట్టి నాకొక పుస్తకం చేసిచ్చాడు. కాకు చెప్పే డిజైన్లన్నీ అందులో రాసుకున్నాను. మొత్తం 42. కొన్ని చోట్ల కాకు స్వయంగా పెన్సిలుతో గళ్లు గీసిచ్చింది. నేను కంప్యూటర్లో ఎక్కించాలనుకున్నది ఈ పుస్తకాన్నే.

కంప్యూటర్ కొత్తది ఎందుకంటే, పాతది చెడిపోయి కాదు. అది చక్కగా నడుస్తోంది. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మద్దతు ఆపేసింది. అంటే ఆ మిషన్ ఆగిపోదు గానీ, దొంగలు కొత్తగా కనిపెట్టే దారులకు అటుపైన దానంతటదే అడ్డుకట్ట పడదు. పోనీ విండోస్ 11 వేసుకుందామంటే, దానికి టీపీఎం 2.0 ఉండాలట. రహస్యపు తాళంచెవులు దాచుకునే చిన్న ఏర్పాటు అది, మిషన్ లోపలే ఉంటుంది. మా పాతదానిలో లేదు. మావాడు హైదరాబాద్ నుంచి కొత్త ల్యాప్‌టాప్ పట్టుకొచ్చి, “అమ్మా, ఇగ నీకు ఏ తిప్పలుండది” అని చెప్పి, రాత్రి బస్సుకే వెళ్లిపోయాడు.

తెల్లారి మూత తెరవగానే అప్‌డేట్ మొదలైంది. మిషన్ ఆపొద్దు అని తెర మీద రాత. సరే, ఆపను. చేతిలోకి సూదులు తీసుకున్నాను. 27 శాతం దగ్గర ఆగింది. ఆరు వరసలు అల్లాను. కదల్లేదు. తొమ్మిదో వరసలో ఉండగా ఒక్కసారిగా 61కి దూకింది. శాతం అంటే నూటికి ఇంత అని నేను బడిలో చెప్పిన అర్థం దీనికి తెలియదనుకుంటా. మొత్తం అయ్యేసరికి చెయ్యి ఒకటి సగం వరకు వచ్చింది. నాది కాదు, స్వెట్టర్‌ది.

ఆ తర్వాత పాస్‌వర్డు. ఒక పెద్దక్షరం, ఒక అంకె, ఒక గుర్తు. పెట్టాను. ఓటీపీ పంపామంది. పంపింది మావాడి ఫోనుకు, వాడు మీటింగులో. వాడు చూసి చెప్పేసరికి ఓటీపీ గడువు అయిపోయింది. స్టార్ట్ బటన్ ఎడమ మూలన ఉండేది, ఇప్పుడు మధ్యకొచ్చి కూచుంది. పాతికేళ్లు ఒకచోట ఉన్న ఉప్పుడబ్బాను ఎవరో జరిపినట్టుంది నా ప్రాణానికి. ఇది మాత్రం సులువుగా సరిచేసుకోవచ్చు: కింది పట్టీ మీద కుడి క్లిక్ కొట్టి, టాస్క్‌బార్ సెట్టింగ్స్‌లో అలైన్‌మెంట్ దగ్గర ‘లెఫ్ట్’ ఎంచుకుంటే మళ్లీ మూలకు పోతుంది.

ఇంకొక చోట ఒక ఫారంలో పుట్టిన జిల్లా అడిగింది. నా సర్టిఫికెట్‌లో ఆదిలాబాద్. 2016 అక్టోబర్ 11న ఆదిలాబాద్ నాలుగు జిల్లాలైంది, మా కాగజ్‌నగర్ కుమురం భీం ఆసిఫాబాద్‌లోకి పోయింది. ఆదిలాబాద్ నొక్కితే మా మండలం కనబడదు, ఆసిఫాబాద్ నొక్కితే సర్టిఫికెట్‌కు కలవదు. పుట్టిన ఊరు ఎక్కడికీ కదలలేదు, పుట్టిన జిల్లానే కదిలింది. ఆ ఫారం ఇంకా అట్లనే ఉంది.

ఇవన్నీ చిన్న చిరాకులు. అసలు చిక్కు తెలుగుతో వచ్చింది. ఎప్పుడో ఒక సావనీరుకు అల్లిక మీద నేను రాసిన వ్యాసం, డీటీపీ సెంటర్లో టైపు చేయించినది, పెన్‌డ్రైవ్‌లో ఉంది. తెరిస్తే ఒక్క తెలుగక్షరం లేదు. అన్నీ ఇంగ్లిషు అక్షరాలూ, పిచ్చి గుర్తులూ. వైరస్ అనుకుని భయపడ్డాను. కాదు. అది అను ఫాంటులో ఉంది.

పరీక్ష హాలు లెక్కన చెబితే తొందరగా అర్థమవుతుంది. అను లాంటి పాత ఫాంట్లలో తెలుగు అక్షరాల ముక్కలను ఇంగ్లిషు అక్షరాల సీట్లలో కూచోబెట్టారు. ఫాంటు ఉన్న మిషన్‌లో ఆ సీట్లలో తెలుగు ముఖాలు కనబడతాయి. ఫాంటు లేని మిషన్‌కు సీటు నంబరే తెలుసు, కాబట్టి ఇంగ్లిషు ముఖమే చూపిస్తుంది. యూనికోడ్ వచ్చి ఈ అద్దె సీట్ల బాధ తప్పించింది. 1991లో వచ్చిన మొదటి యూనికోడ్‌లోనే తెలుగుకు సొంత వరస ఇచ్చారు: 3072 నుంచి 3199 దాకా, 128 సీట్లు. అందులో ‘అ’ నంబరు 3077, ‘క’ నంబరు 3093. ఏ దేశంలో, ఏ ఫోనులో తెరిచినా ‘క’ 3093 మీదే కూచుంటుంది. మన మామూలు విండోస్ మిషన్లకు ఈ తెలుగు 2001లో ఎక్స్‌పీతో వచ్చింది, గౌతమి ఫాంటుతో. మీ దగ్గర పాత అను ఫైళ్లుంటే యూనికోడ్‌లోకి మార్చే సాధనాలున్నాయి. ఒత్తులు అక్కడక్కడా చెదురుతాయి, ఓపిగ్గా దిద్దుకోవాలి. కొత్తగా టైపు చేసేవాళ్లు విండోస్ భాషల సెట్టింగ్‌లో తెలుగు చేర్చుకుని ‘ఫొనెటిక్’ కీబోర్డు పెట్టుకుంటే, అమ్మ అని ఇంగ్లిషు అక్షరాల్లో కొట్టినా తెలుగులో పడుతుంది. విండోస్ కీ పట్టుకుని స్పేస్ కొడితే భాష మారుతుంది.

యూనికోడ్‌లో నాకు భలే నచ్చింది ఒకటుంది. ‘స్త్రీలకు చేతి అల్లిక’ అని శీర్షిక కొట్టి, ఎందుకో ‘స్త్రీ’ తీసేద్దామనుకున్నాను. బ్యాక్‌స్పేస్ ఒకసారి కొడితే గుడిదీర్ఘం పోయింది. ఇంకోసారి, ర పోయింది. తర్వాత పొల్లు. తర్వాత త. తర్వాత ఇంకో పొల్లు. ఆరోసారికి గానీ స పోలేదు. మన కంటికి ఒక్క అక్షరం, దానికి ఆరు ముక్కలు. తప్పు పడ్డ వరసను టాకా టాకా విప్పుకుంటూ వెనక్కి వచ్చినట్టే ఉంది. స్త్రీని చెరపాలంటే ఆరు దెబ్బలు కావాలని మా ఆయనకు చెప్పాను. ఆయన పేపరు చాటుకు వెళ్లిపోయాడు.

మళ్లీ ఫిబ్రవరి రెండు దగ్గరికి వద్దాం. ఈ బాధ నా ఒక్కదానిదే అనుకున్నాను. కాదట. మనిషి జన్యువులకు పేర్లు పెట్టే అంతర్జాతీయ సంఘం 2020లో కొత్త నియమాలు ప్రకటించింది. అప్పటికే రెండు డజన్లకు పైగా జన్యువుల పేర్లు మార్చేశారు. కారణం ఇదే. ‘మార్చ్1’, ‘సెప్ట్1’ లాంటి పేర్లు కొట్టగానే ఎక్సెల్ వాటిని మార్చి ఒకటి, సెప్టెంబర్ ఒకటి అని తారీకులు చేసేది. శాస్త్రవేత్తల పట్టికలు తప్పుల తడకలయ్యేవి. చివరికి ‘మార్చ్1’ను ‘మార్చ్ఎఫ్1’ అన్నారు, ‘సెప్ట్1’ను ‘సెప్టిన్1’ అన్నారు. ఒక సాఫ్ట్‌వేర్ మంకుతనానికి మన ఒంట్లోని జన్యువులు పేరు మార్చుకున్నాయంటే, నా స్వెట్టర్ ఎంత! మందు మాత్రం చిన్నదే. టైపు చేయకముందే ఆ గళ్లను ‘టెక్స్ట్’గా మార్చుకోవాలి, లేదా 2-2కి ముందు ఒక చిన్న ఒంటి కొటేషన్ గుర్తు పెట్టాలి. ముందే అన్నది ముఖ్యం. తారీకయ్యాక టెక్స్ట్ చేస్తే అది ఇంకేదో అయిదంకెల సంఖ్య చూపిస్తుంది.

ఎక్సెల్ మీద కోపం తగ్గాక గళ్లల్లో డిజైన్ వేయడం మొదలుపెట్టాను. సులట్‌కు ఖాళీ గడి, ఉలట్‌కు చుక్క. పది వరసలు అయ్యేసరికి నవ్వొచ్చింది. ఇది నాకు రానిదెప్పుడు? పెద్దపండుగకు ముగ్గు వేస్తూ మనం చెప్పుకునేదేమిటి: “15 చుక్కలు, సందు చుక్క, 8 వచ్చేదాకా.” మధ్యలో 15 పెట్టి, అటూ ఇటూ 14, 13 అంటూ తగ్గించుకుంటూ పోయి, 8 రాగానే ఆగాలి. ఎక్కడ మొదలు, ప్రతి వరసలో ఏం చేయాలి, ఎక్కడ ఆగాలి, మూడూ ఆ ఒక్క ముక్కలో ఉన్నాయి. కంప్యూటర్ ప్రోగ్రామ్ అంటే ఇంతకు మించి ఏమీ లేదు. చదువురాని మా అమ్మ ఏటా వాకిట్లో రాసేది.

అసలు కంప్యూటర్ పుట్టిల్లు కూడా మగ్గమే. ఒకసారి సిరిసిల్లలో సాంచల షెడ్డుకు, అంటే మరమగ్గాల షెడ్డుకు, వెళ్లాను. చప్పుడుకు చెవులు పగిలిపోతున్నాయి. ఒక మగ్గం మీద చిల్లులు కొట్టిన అట్టముక్కలు దండలా వేలాడుతూ ఒకదాని వెనక ఒకటి తిరుగుతున్నాయి. అది జాకార్డ్. చిల్లు ఉన్నచోట కొక్కెం పడుగు పోగును పైకి లేపుతుంది, లేనిచోట లేపదు. పేక లేచిన పోగు కిందినుంచి పోతుంది. అంతే, పువ్వు పడుతుంది. ఫ్రాన్స్‌లో జోసెఫ్ మారీ జాకార్డ్ 1804లో దీన్ని తెచ్చాడు. ఇంగ్లండులో చార్లెస్ బాబేజ్ తన లెక్కల యంత్రానికి ఆ చిల్లుల అట్టలనే అనుకున్నాడు. ఆ యంత్రం గురించి 1843లో ఏడా లవ్‌లేస్ రాస్తూ, మగ్గం పూలు నేసినట్టు ఇది బీజగణితాన్ని నేస్తుందని పోల్చింది. 1890 అమెరికా జనాభా లెక్కలను చిల్లుల అట్టలతోనే లెక్కించారు. చంద్రుడి మీదికి వెళ్లిన అపోలో నౌకల కంప్యూటర్‌లో జ్ఞాపకశక్తిని సన్నటి తీగలతో చేత్తో అల్లారు. తీగ చిన్న ఉంగరం లోపలినుంచి పోతే 1, పక్కనుంచి పోతే 0. ఆ పని చేసింది మసాచుసెట్స్‌లో ఒక ఫ్యాక్టరీ ఆడవాళ్లు. సులట్, ఉలట్ అన్నమాట.

ఇంత చుట్టరికం ఉండీ నాకు కంప్యూటర్ మీద ఒక ఫిర్యాదు ఉండనే ఉంది. టాకా జారితే అది నిచ్చెనలా కిందికి దిగుతూ కంటికి కనబడుతుంది. కురుషా సూదితో కిందినుంచి ఒక్కొక్క మెట్టూ ఎక్కించి పైకి తెచ్చుకుంటాం. కంప్యూటర్లో జారింది ఎక్కడ జారిందో చూపించదు. పైగా నేర్చుకున్నది నిలవనివ్వదు. ఈ రోజు కుడివైపున్నది రేపటి అప్‌డేట్ తర్వాత ఎడమవైపుంటుంది. సులట్ ఏనాడూ ఉలట్ పక్కకు చెప్పకుండా మారలేదు. మనలాంటి పెద్దవాళ్లకు కంప్యూటర్ రాదని పిల్లలు అంటుంటారు. రాకపోవడం కాదు, వచ్చినదాన్ని ఉండనివ్వడం లేదు సాఫ్ట్‌వేర్ చేసేవాళ్లు.

ఇప్పటికి 42లో 17 డిజైన్లు ఎక్కించాను. మనుమరాలు ఒకటి ప్రింటు తీసి తన స్నేహితురాలికి ఇచ్చింది. ఆ పిల్ల దాన్ని చూసి మఫ్లర్ మొదలుపెట్టిందట.

మీ ఇంట్లోనూ ఇలాంటి పుస్తకం ఉండే ఉంటుంది. అల్లికదో, ముగ్గులదో, పచ్చళ్ల కొలతలదో. కంప్యూటర్ నేర్చుకున్నాక ఎక్కిద్దామని ఆగకండి. ఇవ్వాళే ప్రతి పేజీని పగటి వెలుతురులో ఫోనుతో ఫొటో తీసిపెట్టండి. టైపు చేయడం నిదానంగా చూసుకోవచ్చు. నేను మూడేళ్లు వాయిదా వేశాను. కాకు పెన్సిలుతో గీసిచ్చిన ఆఖరి రెండు పేజీల్లో గళ్లు ఇప్పుడు కనబడడం లేదు.