వేటగాళ్లు పెట్టిన పేర్లు, రాళ్లు చెప్పే చుట్టరికం

అంటార్కిటికాలో మన దేశపు మూడో పరిశోధన కేంద్రం ‘భారతి’ 2012 మార్చిలో లార్సెమన్ కొండల్లో మొదలైంది. ప్రిడ్జ్ అఖాతం ఆగ్నేయపు ఒడ్డున మంచు కప్పకుండా మిగిలిన గుండ్రటి రాతి గుట్టలవి. 1935 ఫిబ్రవరిలో నార్వే కెప్టెన్ క్లారియస్ మికెల్సన్ ‘థోర్స్‌హావన్’ ఓడలో వచ్చి వాటిని పటంలోకి ఎక్కించాడు. అతన్ని పంపింది సాండెఫ్యోర్డ్‌లో తిమింగలాల వేట వ్యాపారం చేసే లార్స్ క్రిస్టెన్సన్. ఆ తీరానికి యజమాని భార్య ఇంగ్రిడ్ పేరు పెట్టారు. అక్కడికి ఈశాన్యాన ఉన్న కొండలకు నార్వేలో వేట వ్యాపారానికి పట్టుగొమ్మ అయిన వెస్ట్‌ఫోల్డ్ పేరు పెట్టారు. అఖాతం పేరు చూడండి: ఓలాఫ్ ప్రిడ్జ్ వేట ఓడలకు బీమా చేసే సంస్థకు అధిపతి. 1931లో అదే సముద్రంలో తిరిగిన డగ్లస్ మాసన్ అక్కడి ఒక అగ్రానికి ఎమరీ పేరు పెట్టాడు, తర్వాత ఆ పేరే అక్కడి మంచు ఫలకానికీ వచ్చింది. ఎమరీ ఆస్ట్రేలియాలో బ్రిటిష్ ప్రభుత్వ ప్రతినిధిగా పనిచేసినవాడు. ఇన్ని పేర్లు చదివినా ఆ తీరం ఎలాంటిదో ఒక్క ముక్క తెలియదు. ఓడ ఎవరిది, డబ్బు ఎవరిది, ఎవరి మెప్పు కావాలి అన్నవి మాత్రం తెలుస్తాయి. ఆ తీరం ఏమిటో తెలియాలంటే పటాన్ని పక్కనపెట్టి రాళ్లను అడగాలి. ఆ పని దక్షిణ తెలంగాణ నుంచే మొదలుపెట్టవచ్చని నా వాదన.

మనుషులే లేని చోట ఎవరి పేరు పెడితే ఎవరికి నష్టం అని అడగవచ్చు. 1890లో ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ పేరు మీద మహబూబ్‌నగర్ వచ్చినప్పుడు అక్కడ జనం ఉన్నారు. పాలమూరు అనే పిలుపును వాళ్లు వదల్లేదు. అందుకే నేటి ఎత్తిపోతల పథకానికి ‘పాలమూరు-రంగారెడ్డి’ అనే పేరుంది. అంటార్కిటికాలో పాత పిలుపును నిలబెట్టే నోరు లేదు. దాంతో పటం చెప్పిందే చరిత్ర అయిపోతుంది. 1935 ఫిబ్రవరి 20న అక్కడ ఒడ్డుకు దిగింది కెప్టెన్ భార్య కరొలిన్ మికెల్సన్. తీరానికేమో అప్పటికి అంటార్కిటికాలో కాలుపెట్టని ఇంగ్రిడ్ పేరు వచ్చింది. ఒక శిఖరానికి కరొలిన్ పేరు దక్కిన మాట నిజమే. అయితే అంటార్కిటికా ఖండం మీద కాలుపెట్టిన తొలి మహిళ ఆమే అని దశాబ్దాలపాటు నమ్మారు. ఆమె దిగింది ఖండం మీద కాదు, ట్రైనె దీవుల్లో అని పరిశోధకులు చాలా ఆలస్యంగా తేల్చారు. ఇంగ్రిడ్ ఖండం మీద దిగింది 1937 జనవరిలో. అదీ స్కల్లిన్ మోనోలిత్ అనే రాతికొండ దగ్గర, తన పేరున్న తీరంలో కాదు.

రాళ్ల సాక్ష్యం ఇంతకన్నా గట్టిది. సుమారు 100 కోట్ల ఏళ్ల క్రితం మన తూర్పు కనుమల్లో పెద్ద భాగమూ, తూర్పు అంటార్కిటికాలోని రేనర్ ప్రాంతమూ ఒకే పర్వతపంక్తిగా ఏర్పడ్డాయని భూగర్భ శాస్త్రవేత్తలు చెబుతారు. సుమారు 13 కోట్ల ఏళ్ల క్రితం, అప్పట్లో రెండూ కలిసి ఉన్న గోండ్వానా మహాఖండం చీలి మన తూర్పు తీరం ఆ ఒడ్డును విడిచి వచ్చింది. తెలంగాణ వాళ్లకు అన్నిటికన్నా తేలిగ్గా అర్థమయ్యే ఆనవాలు బొగ్గు. ప్రిడ్జ్ అఖాతం వైపు దిగే లాంబర్ట్ హిమానీనదం పక్కన, ప్రిన్స్ చార్లెస్ పర్వతాల్లో, సింగరేణి బొగ్గు ఏర్పడిన పెర్మియన్ కాలానికే చెందిన బొగ్గు పొరలున్నాయి. అప్పటి గ్లోసోప్టెరిస్ చెట్ల ఆకుల ముద్రలు అక్కడా ఉన్నాయి, ఇక్కడా ఉన్నాయి. భారతి కేంద్రానికి ఆ చోటు ఎంచుకోవడానికి ఈ చుట్టరికం ఒక కారణం. తూర్పు కనుమల్లోని ఖొండలైట్ శిలకు 1902లో పేరు పెట్టిన భూగర్భ శాస్త్రవేత్త వాకర్, అక్కడి ఖోండ్ గిరిజనుల పేరే తీసుకున్నాడు. పేరు చోటును చెప్పడమంటే అది.

నల్లగొండ, పాలమూరు గుట్టలు తూర్పు కనుమలు కావు కదా అన్న అభ్యంతరం సరైనదే. మనది ధార్వాడ్ శిలాపీఠం. ఇక్కడి గ్రానైట్ చాలావరకు సుమారు 250 కోట్ల ఏళ్లనాటిది. భువనగిరి బండకూ లార్సెమన్ కొండలకూ నేరుగా బంధుత్వం కలిపితే తప్పవుతుంది. కానీ తూర్పు కనుమల పర్వతాలు వచ్చి ఒరుసుకున్న పాత పీఠం ఇదే. దీన్ని వదిలేస్తే అతుకు ఎక్కడ పడిందో అర్థం కాదు. దక్కన్ రాళ్లను చదివే హైదరాబాద్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ ఎన్‌జీఆర్‌ఐ, అంటార్కిటికాలోని మన మైత్రి కేంద్రంలో భూకంపాలను నమోదు చేయడం కూడా ఇదే చదువులో భాగం.

పేర్లన్నీ మార్చేయాలని నేను అనడం లేదు. నావికుల పటాలు ఆ పేర్లతోనే నడుస్తున్నాయి. పైగా మనమూ హిమాలయాల పేరు తీసుకెళ్లి 1983-84లో మంచు మీద కట్టిన కేంద్రానికి దక్షిణ గంగోత్రి అని పెట్టాం. అది మంచులో కూరుకుపోతుంటే 1990లో మూసేయాల్సి వచ్చింది. నల్లగొండ, పాలమూరు బడుల్లో సోషల్ చెప్పే ఉపాధ్యాయులకు ఒకటే విన్నపం. అంటార్కిటికా పాఠం వచ్చిన రోజు పిల్లలను ముందు ఊరి గుట్ట దగ్గరికి తీసుకెళ్లండి. గ్రానైట్ చూపించండి, సింగరేణి బొగ్గు సంగతి చెప్పండి, ఆ తర్వాతే పటం తెరవండి.