మీకు తెలుసా? చెన్నై దూరం, శంషాబాద్ దూరం

హైదరాబాద్ నుంచి చెన్నైకి ఆకాశమార్గాన సుమారు 500 కిలోమీటర్లు. జర్మనీలో బెర్లిన్, మ్యూనిక్‌ల మధ్య దూరమూ ఇంచుమించు ఇంతే. గంటకు 800 కిలోమీటర్లు పోయే విమానానికి నలభై నిమిషాలు చాలవా? చాలవు. రన్‌వే దాకా పాకడం, పైకెక్కడం, నెమ్మదించి దిగడం కలిపితే రెండుచోట్లా గంట దాటుతుంది.

అక్కినేని నాగేశ్వరరావు 1976లో బంజారా హిల్స్‌లో అన్నపూర్ణ స్టూడియోస్ తెరిచేనాటికి తెలుగు సినిమా పనులు చాలావరకు మద్రాసులోనే జరిగేవి. అయితేనేం, విమానాశ్రయం పక్కనే, బేగంపేటలో! 2008 మార్చిలో అది శంషాబాద్‌కు తరలింది. ఇప్పుడు స్టూడియో నుంచి మెహదీపట్నం మీదుగా సుమారు 30 కిలోమీటర్లు. సాయంత్రం ట్రాఫిక్‌లో ఆ ప్రయాణం చెన్నై విమానంతో పోటీపడుతుంది. 2009లో ఆ దారిలో పీవీ ఎక్స్‌ప్రెస్‌వే వచ్చాక కొంత నయం.